బజారు కూడా కాపురం మారుస్తుంది

"నాయనమ్మా! ఇక్కడ బేరమాడకూడదే!" అని మా మేనకోడలు అమ్మ చెవిలో గుసగుసలాడింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. అమ్మ ఆడేసింది!

హైటెక్ సిటీలో ఓ పెద్ద మాల్. అద్దంలా మెరిసే ఆ నేలమీద ఎక్కడ జారిపడతామోనని నేనూ అమ్మా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడుస్తున్నాం. ఓ దుకాణం ముందు అమ్మ ఆగిపోయింది. గాజుపెట్టెలో దీపం వెలుగులో ఒక నల్లటి హ్యాండ్ బ్యాగు, గర్భగుడిలో దేవుడిలా కూర్చుని ఉంది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివింది. పన్నెండు వేలన్న చోట ఆవిడకి పన్నెండు వందలు కనిపించాయి. "ఆరొందలకిస్తావా అమ్మాయీ?" అని అడిగింది. ఆ అమ్మాయి పాపం నవ్వాపుకుని, "ఫిక్సెడ్ రేటండీ" అన్నది. ఇవతలికొచ్చాక అసలు ధర చెబితే అమ్మ బుగ్గలు నొక్కుకుని ఊరుకోలేదు. "ఆ పిల్ల పొద్దుటినుంచీ అలా నుంచునే ఉందా? కుర్చీ అయినా లేదేమిటే అక్కడ?" అన్నది.

బ్యాగు ధర సంగతి ఎలా ఉన్నా, ఆ కుర్చీ మాట మాత్రం నన్ను వదల్లేదు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. నవలలు రాసుకునే మనిషికి ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో తెలీదు గానీ ఓ జబ్బు మాత్రం అంటించి పోయింది. ఏ వీధి చూసినా దాని పుట్టుపూర్వోత్తరాలు అడగాలనిపిస్తుంది. లండనులో బాండ్ స్ట్రీట్ ఉంది చూశారూ, నగలకీ దుస్తులకీ ప్రపంచ ప్రసిద్ధి. 1680ల్లో సర్ థామస్ బాండ్ అనే ఆసామీ మరికొందరితో కలిసి అక్కడ ఇళ్ళస్థలాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయనెవరో మరిచిపోయారు. పేరు మాత్రం వీధికి అంటుకుపోయింది. మన హైదరాబాదులోనూ అచ్చం అలాంటి కథ ఉంది. అయితే ఓ తేడా! లండను వీధి మూడువందల ఏళ్ళకి పైగా కదలకుండా కూర్చుంది. మన విలాసాల బజారు అలా కాదు, బదిలీ ఉద్యోగి సంసారంలా పెట్టేబేడా సర్దుకుని కాపురం మారుస్తూ వచ్చింది. ఎటు మారిందయ్యా అంటే, జీతాలిచ్చే చెయ్యి ఎటుంటే అటు!

మొదటి కాపురం గోల్కొండ. కోటకి తూర్పున కార్వాన్ అనే పేట ఇప్పటికీ ఉంది. కుతుబ్‌షాహీల రోజుల్లో వజ్రాల వ్యాపారులు దిగిన చోటు అది. దేశదేశాల వాళ్ళు సంచుల్లో బంగారం పోసుకుని వజ్రాలకోసం ఇక్కడికొచ్చేవాళ్ళు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికొచ్చి, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనులు కూడా చూసిపోయాడు. అక్కడ దాదాపు 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారట. యూరపు రాణుల మెడల్లో మెరిసిన రాళ్ళు కొన్ని మన తెలుగు ఆడవాళ్ళ తలమీది గంపల్లోంచి వెళ్ళాయన్నమాట! ఆ గంప మోసిన ఆవిడ కార్వాన్ బజారులో ఏనాడైనా అడుగు పెట్టి ఉంటుందా? నాకు నమ్మకం లేదు.

రెండో కాపురం చార్మినారు. 1591లో ఆ కట్టడం లేచింది. దాని నుంచి నాలుగు దిక్కులా నాలుగు వీధులు వేశారు. పడమటివైపు, అంటే గోల్కొండ దిక్కుగా వెళ్ళే దారిలో ఉన్నదే మనందరికీ తెలిసిన లాడ్ బజార్. లాడ్ అంటే లక్క అని కొందరూ, ముద్దూ మురిపెమూ అని కొందరూ చెబుతారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. లక్క కరిగించి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, ఆ వేడి ఆరకముందే రాళ్ళు ఒక్కొక్కటే పొదుగుతారు. మన మురిపెం వెనకాల ఎవరివో వేళ్ళు కాలుతూ ఉంటాయి. 2024లో హైదరాబాదు లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా చట్టం కాపాడుతుందన్నమాట. వేళ్ళ సంగతి ఏ చట్టం చూస్తుందో మరి!

ఆ రోజుల్లో గొప్పింటి ఆడవాళ్ళు బజారుకి పోవడమనేది లేదు. బజారే వాళ్ళింటికొచ్చేది. పరదా ఇవతల వర్తకుడు మూట విప్పితే, అవతల నుంచి ఏ ముసలి దాసీయో వస్తువు పట్టుకెళ్ళి చూపించేది. నచ్చితే లోపలుండిపోయేది, లేకపోతే బయటికొచ్చేది. డబ్బు మాట మగవాళ్ళది. అలాగని ఆడవాళ్ళ పేర్లు బజారుకి లేకపోలేదు సుమండీ! బేగంబజారు పేరులో ఉన్న బేగం, రెండో నిజాం భార్య హుమ్దా బేగం. ఆ స్థలం ఆవిడే వర్తకులకి ఇచ్చిందని చెబుతారు. బజారు మొత్తం దానం చెయ్యగల మనిషి, అదే బజారులో గజం బట్ట స్వయంగా కొనుక్కునే వీలు లేని మనిషి. ఇద్దరూ ఒక్కరే!

ఇలాంటిదే ఇంకో కథ మూసీ అవతలి ఒడ్డున ఉంది. 19వ శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ అనే ఇంగ్లీషు దొర కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించాడు. ఆయన భార్య ఖైరున్నీసా మన నగరపు అమ్మాయే. ఆవిడ పరదాలో వెనకనున్న అంతఃపురంలో ఉండేది గనక ముందరి భవనాన్ని చూడటం కుదరక, ఆవిడకోసం దాని నమూనా చిన్న బొమ్మిల్లులా చేయించి తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు. సొంత ఇంటి ముఖం బొమ్మలో చూసుకున్న ఇల్లాలు! చిత్రమేమిటంటే, 1924లో మొదలైన ఉమెన్స్ కాలేజీ తర్వాతి రోజుల్లో ఆ భవనానికే వచ్చి చేరింది. ఆ మెట్లమీదే వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు గుండెలకి హత్తుకుని ఎక్కీ దిగీ చదువుకున్నారు. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారు 1933 దాకా ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉండి, తర్వాత నిజాముకి తిరిగొచ్చింది. మనం రవికగుడ్డలకి వెళ్ళే సుల్తాన్‌బజారు అదే.

ఇక మూడో కాపురం ఆబిడ్స్. ఆ పేరు వెనకాల ఓ మనిషున్నాడని ఎంతమందికి తెలుసు? ఆల్బర్ట్ అబిద్ అని ఒకాయన, ఆర్మీనియా జాతివాడని చెబుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడు. నవాబుగారి బట్టలూ బూట్లూ గడియారాలూ ఆయన అజమాయిషీలో ఉండేవి. మహబూబ్ అలీఖాన్ వేసిన బట్ట మళ్ళీ వేసేవారు కాదని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాలున్న హాలు ఇప్పటికీ చూడొచ్చు. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి చిన్నగా కనిపిస్తాడు! మరి విడిచిన బట్టలేమయ్యేవి? అబిద్ వాటిని చాటుగా తీసుకెళ్ళి మళ్ళీ కొత్త సరుకులా నవాబుగారికే అమ్మేవాడని పాతబస్తీలో కథగా చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో, గిన్నెలమ్మేవాడికి పాతచీరలిచ్చి మోసపోయిన మనకి ఆ కథ వింటే కొంచెం ఊరటగా ఉంటుంది!

ఆ అబిద్ 19వ శతాబ్దం చివర విదేశీ వస్తువుల దుకాణం పెట్టాడు. దుకాణం పేరు వీధికి, వీధి పేరు పేటకి పాకింది. 1891లో ఆయన పేరు ఇంకో పెద్ద వ్యవహారంలో వినిపించింది. సిమ్లాలో దుకాణం నడిపే జాకబ్ అనే రత్నాల వ్యాపారి, 184.75 కారట్ల వజ్రం ఒకటి నిజాముకి అమ్మజూపాడు. నడుమ అబిద్ మధ్యవర్తి. కోటీ 20 లక్షలు అడిగితే నవాబుగారు 46 లక్షలన్నారు. చూశారా, నిజాం ప్రభువు కూడా బేరమాడాడు! ఇది తెలిస్తే మా అమ్మ ఆ మాల్‌లో అంత సిగ్గుపడి ఉండేది కాదు. సగం, అంటే 23 లక్షలు ముందుగా కట్టారు. తర్వాత ఇంగ్లీషు రెసిడెంటు అడ్డుపడటం, నిజాం వద్దనటం, కలకత్తా హైకోర్టులో దావా... చివరికి జాకబ్ నిర్దోషిగా బయటపడ్డా వ్యాపారం మాత్రం చితికిపోయింది. వజ్రం నిజాము దగ్గరే ఉండిపోయింది. ఆయన దాని ముఖం చూడటానిక్కూడా విసుక్కున్నారు కాబోలు, తండ్రి బూటులో దొరికిన ఆ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ 218 కోట్లకు కొన్నప్పుడు అదీ వాటిలో వచ్చింది. అబిద్ మాత్రం ఏనాడో ఇంగ్లండుకి వెళ్ళిపోయాడు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటుంది. ఆ జాకబ్ వజ్రం పుట్టింది దక్షిణాఫ్రికాలో. ఒకప్పుడు ప్రపంచానికంతా వజ్రాలమ్మిన గోల్కొండ వారసుడు, రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి పరాయిదేశపు వజ్రం కోసం బేరమాడుతున్నాడు! అమ్మేవాళ్ళు కొనేవాళ్ళవటానికి పెద్ద యుద్ధాలే జరగక్కర్లేదు మరి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. ఆ తర్వాత 1912లో నగరాన్ని బాగుచెయ్యటానికి ఓ బోర్డు పెట్టారు. చార్మినారు దగ్గర రాతి కమానులతో బారుగా కనిపించే పత్తర్‌గట్టీ దుకాణాలు ఆ బోర్డు చలవే. ముత్యాలకీ పెళ్ళి బట్టలకీ ఆ వీధి పెట్టింది పేరైంది. కానీ కొత్త ఉద్యోగాలూ కొత్త డబ్బూ ఏరు దాటి ఇవతలికొచ్చేశాయి. 1935లో మొజంజాహీ మార్కెట్టు, 1948 నుంచీ తాజ్‌మహల్ హోటలు, సినిమాహాళ్ళు, జనరల్ పోస్టాఫీసు... ఆబిడ్స్ నిండిపోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కర్నూలు నుంచి ఆఫీసులు తరలివచ్చాక, ఫైళ్ళతోపాటు వచ్చిన గుమాస్తాల భార్యలకి కూడా ఆబిడ్సే వింతల లోకం.

మేం మలక్‌పేటలో ఉండేవాళ్ళం. నాన్న ట్రెజరీలో గుమాస్తా. 1988 ప్రాంతాల్లో, జీతమొచ్చిన మొదటి ఆదివారం డబుల్ డెక్కర్ బస్సు పైమేడమీద కూర్చుని వెళ్ళడమే మాకు పండుగ. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉండేవి. నాన్న ఆదివారమే ఎందుకు తీసుకెళ్ళేవారో నాకు పెళ్ళయి, ఇంటి ఖర్చులు రాసుకోవటం మొదలెట్టాకగానీ అర్థం కాలేదు! మూసిన దుకాణాల అద్దాల వెనక వస్తువులు చూసుకుంటూ, పేవ్‌మెంట్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అన్నయ్యకొకటీ నాకొకటీ కొనుక్కుని తిరిగొచ్చేవాళ్ళం. ఆ పాత పుస్తకాల బజారు ఇప్పటికీ ఆదివారాలు అక్కడే ఉంది. నేను రచయిత్రినవటానికి ఆ మూసిన దుకాణాలే కారణమంటే నవ్వకండి.

అప్పట్లో ఆబిడ్స్ దుకాణాల్లో కొన్నిటిలో "ఒకే ధర" అని బోర్డు ఉండేది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది పారిస్‌లోని బాన్ మార్షే. 1852లో బూసికో అనే ఆయన అందులో చేరి, వస్తువుకి ధర చీటీ తగిలించి, ఎవరైనా లోపలికొచ్చి కొనకపోయినా చూసి వెళ్ళొచ్చన్నాడు. మగతోడు లేకుండా ఆడది గౌరవంగా తిరగగలిగిన చోటు అక్కడ మొదలైందని కొందరంటారు. ఆయన పోయాక దాన్ని నడిపించింది ఆయన భార్య మార్గెరీత్. ఇంత మేలు చేసిన ధర చీటీ ఒక్క అన్యాయం మాత్రం చేసింది. మా అమ్మలాంటి వాళ్ళ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని లాగేసుకుంది! సంపాదన చేతిలో లేని ఇల్లాలికి బేరమాడి మిగిల్చిన అర్ధ రూపాయే కదండీ సొంత ఆస్తి! పోపులడబ్బాలో దాక్కునేది ఆ డబ్బే.

ఆబిడ్స్ నుంచి బజారు బంజారా హిల్స్ ఎక్కింది, జూబ్లీ హిల్స్ చుట్టింది. నాలుగో కాపురానికి మాదాపూరు చేరింది. 1990ల మొదట్లో అక్కడ రాళ్ళగుట్టల మధ్య పల్లెకళల కోసం శిల్పారామం తలపెట్టారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. జీతాలిచ్చే చెయ్యి అటు మారిందనగానే బజారు వెనకాలే వచ్చింది. 2009లో దుర్గం చెరువు పక్కన ఇనార్బిట్ మాల్, 2018 ఆగస్టు 9న రాయదుర్గం దగ్గర నాలుగు లక్షల చదరపుటడుగుల ఐకియా, 2019లో మెట్రో రైలు, 2020లో చెరువు మీద తీగల వంతెన. ఐకియా మన దేశంలో తెరిచిన మొదటి దుకాణమది. లోపల వెయ్యిమంది కూర్చుని తినే హోటలుంది. స్వీడన్ బల్లలు చూడటానికెళ్ళి సమోసా తినొచ్చిన వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు!

ఇప్పుడొక్కసారి పటం చూడండి. ఒకప్పుడు దుర్గం చెరువు నీళ్ళే గోల్కొండ కోటకి వెళ్ళేవి. చార్మినారుకెళ్ళి, ఏరు దాటి ఆబిడ్స్ చేరి, కొండలెక్కి దిగి, నాలుగువందల ఏళ్ళు ఊరంతా చుట్టి, మన బజారు తిరిగి ఆ కోటకి కొద్ది మైళ్ళ దూరంలో, ఆ చెరువు ఒడ్డుకే చేరింది. పుట్టింటికొచ్చిన ముసలమ్మలాగా!

మరి ఈ ప్రయాణంలో ఆడదానికి ఏమొచ్చింది? కొల్లూరులో గంప మోసింది. హవేలీలో పరదా వెనక నుంచి ఎంచుకుంది. ఆబిడ్స్‌లో భర్త పక్కన నిలబడి అద్దంలోంచి చూసింది. మాదాపూరులో మా మేనకోడలు తన జీతంతో, ఎవరినీ అడక్కుండా కొనుక్కుంటోంది. ఇది చిన్న మార్పేం కాదు. అది చూస్తే నాకు కడుపు నిండినట్లుంటుంది. కానీ గాజుపెట్టె అవతల నుంచున్న పిల్ల కూడా మన పిల్లే కదా! కేరళలో కోళికోడ్ మిఠాయి వీధిలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడ చట్టం మార్చి, పనిచేసే వాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలన్నారు. 2021లో తమిళనాడూ అదే చట్టం చేసింది. కూర్చోవటానికి కూడా చట్టం కావలసొచ్చిందంటే, మన విలాసాల వీధి ఎవరి కాళ్ళమీద నిలబడిందో ఆలోచించండి.

ఇదంతా కారులో నేను ఉపన్యాసంలా చెబుతుంటే అమ్మ మాట్లాడకుండా విన్నది. చివరికి, "ఆ నల్లబ్యాగు లాంటిదే ఆబిడ్స్‌లో చూశానే ఒకప్పుడు" అన్నది. "అద్దం వెనకాల. అడిగితే మీ నాన్న, 'నీకెందుకే బ్యాగు? అందులో పెట్టుకోవటానికి నీ దగ్గరేముందీ?' అన్నారు. తమాషాకే లే. నేనూ నవ్వాను."

నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ నవ్వు వెనక ఆవిడ దాచుకున్నది నాకు ఏనాడూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

"నాయనమ్మా, పద, ఆ బ్యాగు నేను కొనిపెడతా" అని మా మేనకోడలు కారు వెనక్కి తిప్పబోయింది.

"ఆగవే! మీ తాతగారి ఫ్యామిలీ పెన్షను నా ఖాతాలోనే పడుతోంది. నా బ్యాగు నేను కొనుక్కోలేనా?" అని, అమ్మ మమ్మల్ని శిల్పారామంలోకి నడిపించింది. అక్కడ ఒకావిడ దగ్గర అద్దాలు కుట్టిన గుడ్డ సంచి చూసింది. ఆవిడ 350 చెప్పింది. అమ్మ 250 అన్నది. ఇద్దరూ ఓ పది నిమిషాలు హాయిగా పోట్లాడుకుని 300 దగ్గర రాజీపడ్డారు. ఫోను తీసి, వేలు ఆడించి, అమ్మే స్వయంగా డబ్బు పంపింది. తర్వాత కళ్ళజోడు పెట్టే, బీపీ మాత్రలూ, రుమాలూ ఆ సంచిలో ఒక్కొక్కటే సర్దుకుంది.

నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసి అన్నది:

"చూశావుటే, ఆవిడ కుర్చీలో కూర్చుని అమ్ముకుంటోంది."